రెండు బాస్‌లు, ఏడుగురు మనుషులు

జాజ్ పియానిస్ట్ సెసిల్ టేలర్ ఆల్బమ్ 'యూనిట్ స్ట్రక్చర్స్' మొదటిసారి పెట్టినప్పుడు పది నిమిషాలకే ఆపేశాను, తల తిరిగిపోయింది. 1966 మేలో న్యూజెర్సీలోని వాన్ గెల్డర్ స్టూడియోలో రికార్డు చేసి, బ్లూ నోట్ అనే జాజ్ రికార్డు కంపెనీ విడుదల చేసిన ఆల్బమ్ ఇది. మొత్తం ఏడుగురు, అందులో డబుల్ బాస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగవాద్యం) వాయించేవాళ్లే ఇద్దరు: హెన్రీ గ్రైమ్స్, అలన్ సిల్వా. ఒకరు కింద గట్టిగా మీటుతుంటే ఇంకొకరు కమానుతో పైన సన్నగా గీస్తుంటారు, హెడ్‌ఫోన్స్‌లో వింటే అది వయొలినేమో అనిపిస్తుంది. టేలరైతే పియానోని డ్రమ్ముల్లా బాదుతాడు, డ్రమ్మర్ ఆండ్రూ సిరిల్ మాత్రం తాళం వేయకుండా ఆ ఊపుకి జవాబులిస్తూ పోతాడు. అంతా గోల అనుకుంటాం గానీ, జిమ్మీ లయన్స్ ఆల్టో శాక్సాఫోన్ ఎత్తుకున్న ముక్కనే కాసేపటికి పియానో విరగ్గొట్టి తిరిగి ఇస్తుంది. కొత్తవాళ్లు ఇందులోని 'ఎంటర్ ఈవెనింగ్' అనే ట్రాక్‌తో మొదలుపెట్టండి, అందులో కెన్ మెకింటైర్ ఓబో (సన్నాయిలాంటి ఊదే వాద్యం) ఉంది, కాస్త ఊపిరాడుతుంది.