రాజ్యలక్ష్మి పేరు కింద గీత

బుధవారం, రాత్రి 10 గంటలు.

ఉదయం ఆఫీసుకు చేరి కంప్యూటర్ తెరవకముందే ఫోను మోగింది. పిల్లలకు ఇచ్చే ప్రశంసాపత్రాలను మా సాఫ్ట్‌వేర్‌తో అచ్చు వేసుకుంటున్న ఒక పాఠశాల నుంచి గుమాస్తాగారు మాట్లాడారు. "సార్, పత్రాలన్నీ బాగానే వచ్చాయి గానీ, ఒకమ్మాయి పేరులో ఒత్తులు కింద ఉన్న చుక్కల గీతకు తగులుతున్నాయండీ. చూడగానే పేరు కొట్టేసినట్టుగా ఉంది. రేపే బహుమతుల సభ" అన్నారు. సాయంత్రంలోపు సరిచేసి పంపుతానని మాట ఇచ్చాను. ఆ పత్రాన్ని ఆ పాప జీవితాంతం దాచుకుంటుందేమో, అందులో ఆమె పేరుకే గీత తగలడమేమిటన్న బాధ మాత్రం పని మొదలుపెట్టాక కూడా నన్ను వదలలేదు.

ఆ అమ్మాయి అసలు పేరు ఇక్కడ రాయను. దాదాపు అదే కూర్పు ఉన్న "రాజ్యలక్ష్మి" అనే పేరు తీసుకుని పరీక్షించాను. చదివేవారికి ఈ పేరులో ఉన్నవి నాలుగే అక్షరాలు: రా, జ్య, ల, క్ష్మి. కంప్యూటర్లు లిపులకు వాడే యూనికోడ్ లెక్కలో మాత్రం ఇవి 12 సంకేతాలు. తెర మీదా పీడీఎఫ్‌లోనూ బొమ్మలూ అక్షరాలూ గీయడానికి మేము వాడే గ్రాఫిక్స్ లైబ్రరీ పేరు కైరో. అందులో తేలిగ్గా వాడుకునేందుకు ఇచ్చిన టెక్స్ట్ ఫంక్షన్ ఒక సంకేతానికి ఒక ఆకారం చొప్పున గీసుకుంటూ పోతుంది కాబట్టి, దానికే ఈ పేరు ఇస్తే ఒత్తులు ఏర్పడక పొల్లులు విడివిడిగా కనిపిస్తాయి. అందుకే చాలాకాలంగా మేము ముందు హార్ఫ్‌బజ్ అనే అక్షరాల కూర్పు లైబ్రరీతో అక్షరాలను కూర్పించి, అది ఇచ్చిన గ్లిఫ్‌లను (ఫాంటులోని అక్షర ఆకారాలను) మాత్రమే కైరోతో గీయిస్తున్నాము. (హార్ఫ్‌బజ్ అన్న పేరు "ఓపెన్ టైప్" అన్న మాటకు పారశీక అనువాదం. ఒత్తులున్న లిపిలో రాసుకునే నాకు ఆ పేరంటే ఎందుకో ఇష్టం.) కాబట్టి ఇవాళ్టి తప్పు కూర్పులో లేదు, కొలతలో ఉంది.

ఫాంటును అడిగితే అది రెండు రకాల కొలతలు చెబుతుంది. ఒకటి ఫాంటు మొత్తానికి సంబంధించినది: అక్షరాలు కూర్చునే ఊహారేఖ అయిన బేస్‌లైన్‌కు పైన ఎంత ఎత్తో చెప్పే ఎసెంట్, కింద ఎంత లోతో చెప్పే డిసెంట్, ఒక వరస నుంచి మరో వరసకు ఉండవలసిన ఎత్తు. రెండోది మనం ఇచ్చిన మాటకు సంబంధించినది: ఆ మాటను గీసినప్పుడు సిరా ఎక్కడ మొదలై ఎంత మేర పరచుకుంటుంది, ఆ తర్వాతి మాట ఎక్కడ మొదలు కావాలి (ఈ దూరమే అడ్వాన్స్). మొదటిది ఫాంటు గీసిన కళాకారుడి ఉద్దేశమే గాని, ఏ గ్లిఫూ ఆ హద్దు దాటదన్న హామీ కాదు. కైరో డాక్యుమెంటేషన్‌లోనే ఈ సంగతి స్పష్టంగా రాసి ఉంది. నేను అది చదివాను కూడా. చదివి ఉండీ, గీతను డిసెంట్‌కు నాలుగు పాయింట్ల కిందికి పెడితే చాలని రెండేళ్ల కిందట కోడ్‌లో రాసింది నేనే.

40 పాయింట్ల పరిమాణంలో ఈ ఫాంటు డిసెంట్ 14 అని చెబుతోంది. అందువల్ల చుక్కల గీత బేస్‌లైన్‌కు 18 పాయింట్ల కింద పడింది. రాజ్యలక్ష్మి పేరును కొలిస్తే వై-బేరింగ్ (బేస్‌లైన్ నుంచి సిరా పై అంచుకు దూరం) మైనస్ 31, ఎత్తు 50.5 వచ్చాయి. కైరోలో వై అక్షం కిందికి పెరుగుతుంది కాబట్టి, ఈ రెండూ కలిపితే సిరా బేస్‌లైన్ కింద 19.5 పాయింట్ల దాకా దిగినట్టు. అంటే గీతను ఒకటిన్నర పాయింట్లు, సుమారుగా అర మిల్లీమీటరు దాటింది. తెర మీద 800 శాతానికి పెంచి చూశాను. జ్యలో య ఒత్తు గీతకు కాస్త పైనే ఆగింది. క్ష్మిలో మ ఒత్తు మాత్రం కిందికి దిగి, దాని గుండ్రని అడుగు చుక్కల్లో ఒకదాన్ని సగం మింగి, రెండోదానితో కలిసిపోయి, చూసేవారికి అక్కడ లేని మరో గుర్తు ఏదో ఉన్నట్టుగా కనిపిస్తోంది. ఇంగ్లీషు పేర్లతోనో, "రమ", "కమల" వంటి ఒత్తులు లేని పేర్లతోనో మాత్రమే పరీక్షించిన కోడ్‌లో ఈ తప్పు ఎన్నేళ్లయినా బయటపడదు. తలకట్టు స్థానంలో గుడి, దాని కింద అక్షరం, దాని కింద ఒత్తు, ఒక్కోసారి ఆ ఒత్తుకూ ఒత్తు ఉండే లిపికి లాటిన్ అక్షరాల కోసం ఊహించుకున్న ఎత్తు సరిపోదన్న మాట నేను ఇతరులకు చెబుతూనే ఉంటాను. నా కోడ్‌కే ఆ మాట చెప్పుకోలేదు.

మొదట తోచిన పరిష్కారం తప్పుదారి పట్టించింది. ప్రతి పేరునూ దాని సిరా ఎత్తును బట్టి పేరుకు కేటాయించిన పెట్టె మధ్యలో నిలబెడితే సరిపోతుంది కదా అనుకున్నాను. "రమ"కు వై-బేరింగ్ మైనస్ 22, ఎత్తు 22.5. అలా మధ్యకు తెస్తే రమ బేస్‌లైన్ పెట్టె నడుమకు 10.75 పాయింట్ల కింద, రాజ్యలక్ష్మి బేస్‌లైన్ 5.75 పాయింట్ల కింద పడ్డాయి. ఇద్దరి పత్రాలనూ పక్కపక్కన పెడితే ఐదు పాయింట్ల తేడాతో ఒక పేరు కుంగినట్టు, మరో పేరు లేచినట్టు కనిపించింది. పేరు ఏదైనా బేస్‌లైన్ కదలకూడదు. కాబట్టి ఆ తరగతి జాబితాలో ఉన్న పేర్లన్నిటినీ ముందే కొలిచి, వాటిలో అన్నిటికన్నా కిందికి దిగిన సిరాను పట్టుకుని, గీతను దానికి నాలుగు పాయింట్ల కింద, అందరికీ ఒకేచోట పెట్టేలా మార్చాను. పేరు చివర పొరపాటున టైపు చేసిన ఖాళీల వల్ల కొన్ని పేర్లు ఎడమకు జరుగుతున్న సంగతి కూడా ఈ వెతుకులాటలోనే తేలింది. ఖాళీ అడ్వాన్స్‌లో కలుస్తుంది గాని సిరా వెడల్పులో కలవదు. అందుకని అడ్డంగా మధ్యకు తేవడానికి ఇకమీదట సిరా వెడల్పునే వాడతాను.

మధ్యాహ్నం భోజనం చేసి వచ్చాక ఇంకో చిక్కు కనిపించింది. పత్రం అడుగున ఉన్న చిన్న అక్షరాల వాక్యం తెర మీద 100 శాతంలో పెట్టె అంచును దాటుతోంది, 200 శాతానికి పెంచితే చక్కగా ఇముడుతోంది. ఇక్కడే స్కేల్డ్ ఫాంట్ అంటే ఏమిటో మళ్లీ మొదటి నుంచి ఆలోచించుకోవలసి వచ్చింది. ఫాంటు ఫేస్ పరిమాణం లేని ఆకారాల మూట. అక్షరం ఎంత పెద్దదో చెప్పే ఫాంటు మాత్రిక (మ్యాట్రిక్స్, అంటే అంకెల పట్టిక), బొమ్మ మొత్తాన్ని ఎంత పెంచాలో చెప్పే మరో మాత్రిక, అంచులనూ కొలతలనూ ఎలా సవరించాలో చెప్పే ఐచ్ఛికాలు దానితో కలిసినప్పుడే స్కేల్డ్ ఫాంట్ తయారవుతుంది. జూమ్ మారితే అది వేరే స్కేల్డ్ ఫాంట్, దాని కొలతలూ వేరు. తెర కోసం గీసేటప్పుడు ఒక్కో గ్లిఫ్ అడ్వాన్స్ పూర్తి పిక్సెల్‌కు సవరించబడుతుంది, పీడీఎఫ్‌కు గీసేటప్పుడు ఆ సవరణ ఉండదు.

కాగితం మీద ఒక గ్లిఫ్‌కు లెక్క వేసుకున్నాను. ఎమ్‌కు (అంటే ఫాంటు పూర్తి పరిమాణానికి) 2048 యూనిట్లున్న ఫాంటులో 1100 యూనిట్ల గ్లిఫ్‌ను 16 పిక్సెళ్ల పరిమాణంలో గీస్తే దాని అడ్వాన్స్ 8.59, సవరిస్తే 9. జూమ్ 200 శాతమైతే 17.19 వచ్చి 17కు సవరించబడుతుంది, తిరిగి మన కొలతలోకి తెస్తే 8.5. అలాంటివి 40 ఉన్న వరస ఒక జూమ్‌లో 360, ఇంకో జూమ్‌లో 340, పీడీఎఫ్‌లో 343.75 అవుతుంది. ఒకే వాక్యం, ఒకే ఫాంటు, మూడు వెడల్పులు. తెర మీద చూసి వరసలు విరిచి, ఆ విరుపులనే పీడీఎఫ్‌లో నమ్ముకున్నాము కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు దెబ్బ తినక తప్పదు. కొలిచే పనికి జూమ్ కలపని, కొలతల సవరణ ఆపేసిన ఒకే స్కేల్డ్ ఫాంట్‌ను విడిగా పెట్టి, తెరకైనా కాగితానికైనా ఆ కొలతల ప్రకారమే గ్లిఫ్‌ల స్థానాలు నిర్ణయించేలా రాశాను. తెర మీద చిన్న అక్షరాల మధ్య ఎడం ఇప్పుడు అక్కడక్కడ కొద్దిగా హెచ్చుతగ్గులుగా కనిపిస్తోంది. కాగితం మీద సరిగ్గా ఉండడమే ముఖ్యమని దాన్ని అలాగే వదిలేశాను.

ఐదున్నరకు కొత్త పీడీఎఫ్ పంపేముందు, అసలు పేరుతో ఉన్న ఆ పాప పత్రాన్ని మా ప్రింటరులో తీసి, స్కేలు పెట్టి కొలిచాను. మ ఒత్తు అడుగుకూ చుక్కలకూ మధ్య ఒకటిన్నర మిల్లీమీటర్ల కన్నా కొంచెం తక్కువ తెల్లని జాగా ఉంది. ట్యూబ్‌లైటు కింద పట్టుకుని చాలాసేపు చూశాను. గుమాస్తాగారు ఏడు గంటలకు ఫోను చేసి, పత్రాలన్నీ మళ్లీ తీశామనీ, పేరు శుభ్రంగా ఉందనీ చెప్పారు.

రేపు ఇదే జాబితాను పోతన ఫాంటుతోనూ కొలవాలి. "స్త్రీ", "రాష్ట్రం", "వైశిష్ట్యం" అనే మాటలను పరీక్షల ఫైలులో ఇప్పుడే చేర్చి పెట్టాను.