బాస్కెట్‌బాల్ కోర్టు నుంచి ఎళిమల దాకా: నేవీ ఎంపికలో నా అనుభవం

యూనివర్సిటీ జట్టుకు పాయింట్ గార్డ్‌గా (కోర్టులో ఆటను నడిపించేవాడిగా) ఆడుతూనే ఇంజినీరింగ్ ముగించి, సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష) దారిలో నేవీకి వచ్చాను. ఇప్పుడు ఆడుతున్న తమ్ముళ్లు ముందుగా అడిగే మాట: "అన్నా, స్పోర్ట్స్ సర్టిఫికెట్ ఉంటే సీటొస్తుందా?" సీడీఎస్ దారిలో రాదు. అక్కడ సర్టిఫికెట్‌కు విడిగా మార్కుల్లేవు. ఆట నేర్పింది ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) మైదానంలో మీ చేతల్లో కనబడాలి, దానికే విలువ.

రిటైరయ్యేదాకా యూనిఫాంలోనే ఉండాలనుకునేవాళ్లకు సీడీఎస్ మంచి దారి, ఎందుకంటే కేరళలోని ఎళిమలలో ఉన్న నేవల్ అకాడమీకి ఎంపికైతే దక్కేది పర్మనెంట్ కమిషన్. షార్ట్ సర్వీస్ అయితే పరిమిత కాలమే, పొడిగించినా 14 ఏళ్లు. సీడీఎస్‌ను యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. నేవీకి ఇంజినీరింగ్ డిగ్రీ తప్పనిసరి. ఇంగ్లిష్, జీకే, లెక్కలు ఒక్కోటి 100 మార్కులు, రెండేసి గంటలు. తప్పు జవాబుకు మూడో వంతు కోత. ఇంకో 300 మార్కులు ఎస్‌ఎస్‌బీవి.

ఎస్‌ఎస్‌బీ ఐదు రోజులు. నేవీకి విశాఖపట్నంలోనూ బోర్డు ఉంది. మొదటి రోజు స్క్రీనింగ్‌లోనే చాలామంది ఇంటిదారి పడతారు. ఆ గండం దాటినవాళ్లు పీఐక్యూ ఫారం (వ్యక్తిగత వివరాల పత్రం) నింపడంలో తొందరపడకూడదు. అందులో ఆటలకు గడులు ఉంటాయి: ఏ ఆట, ఎంతకాలం, ఏ స్థాయి, ఏం సాధించారు. ఇంటర్వ్యూ ఆఫీసర్ ప్రశ్నలన్నీ దాదాపు ఆ కాగితం మీదినుంచే లేస్తాయి. బాస్కెట్‌బాల్ అని రాశాక రింగు ఎత్తు 3.05 మీటర్లనీ, అఫెన్సివ్ రీబౌండ్ పడితే (తప్పిన షాట్ బంతిని వేసిన జట్టే తిరిగి పట్టుకుంటే) షాట్ క్లాక్, అంటే షాట్ వేయడానికి ఇచ్చే గడువు, 24 సెకన్లకు కాక 14కి వెళ్తుందనీ తడుముకోకుండా చెప్పగలగాలి. "చివరి రెండు నిమిషాల్లో రెండు పాయింట్లు వెనకబడి ఉంటే ఏం చేస్తావు?" లాంటి ప్రశ్న వస్తే, హీరో షాట్ కథ వద్దు. ఎవరికి ఎందుకు బంతి ఇస్తారో చెప్పండి.

ఆటగాళ్లు ఎక్కువగా దెబ్బతినేది జీటీవో (గ్రూప్ టెస్టింగ్ ఆఫీసర్) పెట్టే టాస్కుల్లో, ముఖ్యంగా ప్రోగ్రెసివ్ గ్రూప్ టాస్క్‌లో. ఒక ఫట్టా (చెక్క పలక), ఒక బల్లీ (చెక్క దుంగ), ఒక తాడు, మోసుకెళ్లడానికి ఒక బరువు ఇస్తారు. వాటితో కష్టం పెరుగుతూ పోయే నాలుగు అడ్డంకులు దాటాలి. ఎర్ర రంగు ముట్టకూడదు. నాలుగడుగులకు మించిన ఖాళీని దూకకూడదు, దాని మీద వంతెన కట్టాల్సిందే. మన కాళ్లకు అలవాటైన పని అక్కడ నిషిద్ధం. గ్యాప్ కనబడగానే ఒళ్లు ముందుకు ఉరుకుతుంది, దాన్ని ఆపుకోవాలి. అవతలి అంచు అందకపోతే ఫట్టాను ముందుకు చాపాలి. వెనక కొసమీద ఇద్దరు నిలబడితేనే ముందు కొస ఒక మనిషిని మోస్తుంది. 

పాయింట్ గార్డ్‌కు కోర్టులో అరిచి చెప్పడం అలవాటు. ఇక్కడ అలా అరిస్తే పక్కవాడి ఆలోచనను తొక్కేసినట్టే. ఒకడు మంచి ఉపాయం చెబుతున్నప్పుడు, "సరే, నేను వెనక కొస పట్టుకుంటా" అని దానిమీద బరువుగా కూర్చోవడం కూడా అసిస్టే, తోటివాడి స్కోరుకు పాస్ అందించినట్టే. జీటీవో దాన్నీ చూస్తాడు, ఇది నేను గట్టిగా నమ్ముతాను.

ఇండివిడ్యువల్ అబ్‌స్టకిల్స్ (ఎవరికి వారు దాటే అడ్డంకులు) పది, సమయం మూడు నిమిషాలు. కష్టాన్ని బట్టి 1 నుంచి 10 మార్కులు. నంబర్ల వరసలో పరిగెత్తి టైం పోగొట్టుకోవద్దు. ముందే మైదానం చూసుకుని దగ్గర దగ్గరగా ఉన్నవాటిని కలిపి దారి గీసుకోండి. ఎత్తు నుంచి దూకేటప్పుడు మోకాళ్లు వంచి రెండు పాదాలమీదా దిగండి.

ఎస్‌ఎస్‌బీ మిమ్మల్ని సిఫారసు చేశాక మెడికల్. బాస్కెట్‌బాల్ ఆడినవాళ్లకు అసలు పరీక్ష ఇదే. మోకాలి లిగమెంట్‌కు ఆపరేషన్ జరిగి ఉంటే గట్టెక్కడం చాలా కష్టం. కాబట్టి కాలేజీలో మెలిక పడ్డ మోకాలిని టేపు చుట్టి ఆడించకండి, అప్పుడే ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించండి. చదునైన పాదం ఉన్నా మునివేళ్లమీద నిలబడినప్పుడు వంపు తేలి, నొప్పి లేకుండా పరిగెత్తగలిగితే ఫర్వాలేదు. రంగుల చూపు గట్టిగా చూస్తారు: రాత్రి ఎదురొచ్చే ఓడ ఎటు తిరిగిందో ఎర్ర, ఆకుపచ్చ దీపాలే చెబుతాయి. పైలట్ ఎంట్రీ అయితే కూర్చున్న ఎత్తు, కాలి పొడవు కూడా కొలుస్తారు, పొడగరులు ముందే కొలిపించుకోవడం మంచిది. ఎత్తు ఎంత దూరం అడ్డం పడుతుందో చెప్పడానికి అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు డేవిడ్ రాబిన్సన్ ఉన్నాడు. 1987లో అమెరికా నేవల్ అకాడమీ నుంచి పట్టా పుచ్చుకున్నా, 7 అడుగుల 1 అంగుళం మనిషి కాబట్టి ఓడ ఎక్కలేదు. తీరంలో సివిల్ ఇంజినీరింగ్ పని చూసి, రెండేళ్లకు అక్కడి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏకి వెళ్లాడు.

అన్‌ఫిట్ అన్నారని ఊరికే వెనక్కి రావద్దు, 42 రోజుల్లోగా అపీల్ మెడికల్ బోర్డు ముందుకు వెళ్లొచ్చు.

కాల్ లెటర్ కోసం చూసే రోజుల్లో సాధన ఆపకండి. అకాడమీలకు వెళ్లేవాళ్లకు సీడీఎస్ నోటిఫికేషన్‌లోనే లెక్క ఉంటుంది: 15 నిమిషాల్లో 2.4 కిలోమీటర్లు, పుషప్‌లూ సిటప్‌లూ కనీసం ఇరవయ్యేసి, చినప్‌లు ఎనిమిది, తాడు 3-4 మీటర్లు ఎక్కడం. పరుగు మనకు ఇబ్బంది కాదు. బంతి విసిరే భుజానికి లాగే బలం తక్కువ కాబట్టి చినప్‌లకూ తాడుకూ రోజూ టైం కేటాయించండి. ఈత రాకపోతే అదీ ఇప్పుడే మొదలుపెట్టండి.