డాబా ఎక్కడిది?

పెదనాన్న ఫోన్ పెట్టేసి రెండు గంటలైంది. ఇంకా చెవిలో అదే మాట: "డాబా ఎక్కడిదే? మనది తాటాకిల్లు."

మా నాయనమ్మదో పాత నోట్‌బుక్ ఉంది. వెనక అట్ట మీద ఎక్కాలు, లోపల పాల లెక్కలు, వాటి పక్కనే దివిసీమ ఉప్పెన. "రెండు రాత్రులు డాబా మీదే ఉన్నాం. చీకట్లో గేదె కళ్లు కనిపించాయి" అని రాసుకుంది. అది టైప్ చేసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టడమే నా పాపం. పెదనాన్న మాటల్లో, ఉప్పెన వచ్చిన 1977 నవంబర్ 19న ఆవిడ ఊళ్లోనే లేదట, పురిటికి గుడివాడ వెళ్లిందట. ఒళ్లు మండింది. అప్పటికి ఈయనకి ఎనిమిదేళ్లు! ఈయన జ్ఞాపకం సాక్ష్యం, ఆవిడ చేతిరాత అబద్ధమా? పైగా "చరిత్రంటే ఆధారాలమ్మా" అని ఒక క్లాసు. ఇన్నేళ్లూ అటక మీద పడున్న ఆ పుస్తకాన్ని దులిపిందెవరు మరి?

నిద్ర పట్టక ట్రెవర్-రోపర్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడి గురించి చదువుతూ కూర్చున్నా. పెకింగ్‌లో (ఇప్పటి బీజింగ్) ఉండిపోయిన ఎడ్మండ్ బ్యాక్‌హౌస్ అనే ఇంగ్లీషాయన, చైనా మహారాణి సిషీ తనని ప్రేమించిందని ఆత్మకథ రాసి 1944లో పోయాడు. అంతకుముందు 1915లో యుద్ధానికి తుపాకులు కొనిపెడతానని సొంత ప్రభుత్వాన్నే తిప్పించాడు, ఒక్కటీ రాలేదు. ఆ ఆత్మకథ రాతప్రతి చేతికొస్తే ట్రెవర్-రోపర్ ఆయన జీవితమంతా తవ్వి, 1976లో కట్టుకథ అని తేల్చేశాడు. అచ్చం మా పెదనాన్నే.

అదే ట్రెవర్-రోపర్ 1983లో జ్యూరిక్ బ్యాంకులో హిట్లర్ డైరీల గుట్ట చూసి నిజమైనవే అన్నాడు. నెలైనా తిరక్కుండా, ఆ కాగితం యుద్ధం తర్వాత తయారైందని తేలింది. చదవగానే "చూశావా పెదనాన్నా!" అని పైకే అనేశాను. పక్కగదిలోంచి అమ్మ దగ్గింది.

కానీ ఆయన అక్కడ తప్పు చేస్తే బ్యాక్‌హౌస్ నిజం చెప్పినట్టు అవుతుందా? అవదు కదా. అక్కడే నా కోపం చల్లారింది.

చిన్నప్పుడు కరెంటు పోతే చాలు, నాయనమ్మ ఉప్పెన మొదలుపెట్టేది. వాకిట్లో నవారు మంచం, ఆవిడ చేతిలో విసనకర్ర. నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఆ విసనకర్రతోనే చూపించేది. నేను రెండో క్లాసులో ఉన్నప్పుడు అది నడుము దగ్గర ఆగింది. ఐదో క్లాసుకి గొంతు దాకా వచ్చింది. ఏడులో ఒక రాత్రి తల మీదకి ఎత్తి "ఇంత" అంది. అప్పుడు డాబా మీద ఉన్నారా, నీళ్లలో ఉన్నారా అని అడగాలని తోచనే లేదు. కరెంటు రాకపోతే బావుండు అనుకునేదాన్ని.

అన్నట్టు మేనత్త పుట్టినరోజు డిసెంబర్ 2. 1977. ఇందాకటి నుంచీ ఈ లెక్క నేనెందుకు వెయ్యలేదో!

మరి ఆ గేదె కళ్లు ఎవరు చూసినట్టు? ఉప్పెన తర్వాత ఊరికి వచ్చినప్పుడు ఎవరో చెప్పుంటారు. డాబా కరణంగారిదేమో, ఊళ్లో డాబా వాళ్లదొక్కటే అనేవాళ్లు. పొద్దున్నే పెదనాన్నకి ఫోన్ చేసి అడుగుతాను. సారీ మాత్రం చెప్పను, ఆ "ఆధారాలమ్మా" ఇంకా దిగలేదు.