మూడు వేళ్ల బ్రౌన్

"మరి చెయ్యి ఏది నాన్నా?" అన్నాడు మావాడు.

అమెరికాలోని కూపర్స్‌టౌన్‌లో, గొప్ప బేస్‌బాల్ ఆటగాళ్ల పేరిట ఉన్న హాల్ ఆఫ్ ఫేమ్‌లో, మోర్డెకై బ్రౌన్ అనే పిచర్ (బ్యాటర్‌కి బంతి విసిరేవాడు) కంచు ఫలకం ముందు ఉన్నాం. అందులో ముఖమే ఉంది. దారి పొడవునా నేను చెప్పిందేమో ఆ చేతి కథే!

ఇండియానా పల్లెటూరి పిల్లాడు. పశువుల మేత నరికే మిషన్‌లో కుడి చెయ్యి పడి చూపుడు వేలు చాలావరకు పోయింది. ఆ గాయం మానకముందే కింద పడి మిగతా వేళ్లు విరగ్గొట్టుకున్నాడు. నడిమి వేలు వంకరగానే అతుక్కుంది. పెద్దయ్యాక బొగ్గు గనిలో పని.

ఆ వంకర వేలి మీంచి వచ్చిన బంతి బ్యాటర్ దగ్గర గభాలున కిందికి దిగేది. మావాడు షాపులో కొన్న బంతిని చూపుడు వేలు మడిచి పట్టుకుని చూశాడు. రెండుసార్లూ జారిపోయింది.

ఈయన జట్టు చికాగో కబ్స్ 1907, 1908ల్లో వరుసగా వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్‌లో ఏటా జరిగే చాంపియన్‌షిప్ పోరు) గెలిచిందంటే అందులో ఈయన చెయ్యి చాలా ఉంది. ఆ తర్వాత కబ్స్ మళ్లీ గెలిచింది 2016లో! అమెరికాలో అన్నిటికన్నా పై స్థాయి అయిన మేజర్ లీగ్స్‌లో ఈయన పిచర్‌గా గెలిచిన ఆటలు 239.

వేలు పోవడమే ఆయనకు కలిసొచ్చింది అంటారు కొందరు. నాకు ఒళ్లు మండుతుంది. వేలు పోయినవాళ్లంతా పిచర్లయ్యారా ఏంటి? ఆ చేత్తో బంతి పట్టడం మొదట్నుంచీ నేర్చుకున్నది ఆయన, మిషన్ కాదు.

ఇంతా చేస్తే, ఆయన పోయింది 1948లో. హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంపిక చేసింది 1949లో. ఒక్క ఏడాది ముందు పిలిస్తే వీళ్ల సొమ్మేం పోయేదో!