వరి మళ్ల నుంచి జ్యామితి దాకా: రాజ్ చంద్ర బోస్ పరిశోధన

రైతు ఒకడే, ఎరువు ఒకటే అయినా మెరక మడిలో పండినంత పల్లపు మడిలో పండదన్న సంగతి గోదావరి డెల్టాలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. అందువల్ల రెండు వరి రకాలను రెండు చోట్ల నాటి దిగుబడులు తూచినంత మాత్రాన ఏది మేలో తేలదు. కనిపించే తేడా విత్తనానిదో నేలదో విడదీయాలి. 1925లో మొదలైన మార్టేరు వరి పరిశోధన కేంద్రం వంటి చోట్ల నిత్యం ఎదురయ్యే ఈ చిక్కే, కలకత్తాలో జ్యామితి తప్ప వేరే ధ్యాస లేని ఒక గణితవేత్తను కాంబినేటరిక్స్ (వస్తువులను షరతులకు లోబడి అమర్చే, లెక్కించే గణితశాఖ) వైపు తిప్పింది. బోస్ అనగానే మనవాళ్లకు సత్యేంద్రనాథ్, జగదీశ్ చంద్ర గుర్తుకొస్తారు గానీ, నేను చెప్పబోయేది రాజ్ చంద్ర బోస్ (1901–1987) గురించి.

సమస్యను మన రకాలతోనే చూడవచ్చు. స్వర్ణ, విజేత, కాటన్‌దొర సన్నాలు, ఇంద్ర, అమర, పుష్యమి, శ్రీధృతి అని ఏడు రకాలున్నాయనీ, ఒకే తీరు నేల ఉన్న ఒక్కో ముక్కలో మూడు మళ్లే పడతాయనీ అనుకుందాం. అప్పుడు ఏడు ముక్కలు తీసుకుని, ప్రతి రకం మూడు ముక్కల్లో వచ్చేలా, ఏ రెండు రకాలైనా సరిగ్గా ఒక్క ముక్కలో పక్కపక్కన పోటీపడేలా నాటడం సాధ్యమే. రకాలను బిందువులుగా, ముక్కలను రేఖలుగా చూస్తే ఇది ఏడు బిందువులు, ఏడు రేఖలు మాత్రమే ఉన్న జ్యామితి అవుతుంది. అందులో ఏ రెండు బిందువుల గుండానైనా ఒకే రేఖ పోతుంది.

గణాంకవేత్త మహలనోబిస్ పిలుపుతో 1932 చివర ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరేనాటికి బోస్‌కు గణాంకశాస్త్రంతో పరిచయం లేదు. జర్మనీ నుంచి వచ్చి కలకత్తా విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డ గణితవేత్త లెవీ పాఠాల వల్ల ఆయనకు పరిమిత క్షేత్రాల (కొన్ని సంఖ్యలతోనే కూడికలు, గుణకారాలు, భాగహారాలు సాగే వ్యవస్థల) బీజగణితం అబ్బింది. 1937–38 శీతకాలంలో ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చిన బ్రిటిష్ గణాంకవేత్త ఫిషర్ ప్రయోగ రచనలోని (అంటే దేన్ని ఎక్కడ పెట్టి పోల్చాలో ముందే నిర్ణయించడంలోని) ప్రశ్నలను ముందుంచాడు. ఈ రెండూ కలిసిన ఫలితమే 1939లో వెలువడిన సుదీర్ఘ వ్యాసం. అంతవరకు ఒక్కొక్కటిగా వెతికి పట్టుకుంటున్న సంతులిత అమరికలను (పై ఏడు రకాల ఉదాహరణలోలా ఏ రెండు రకాలైనా సమానసార్లు కలిసే అమరికలను), పరిమిత జ్యామితి సాయంతో కుటుంబాలు కుటుంబాలుగా నిర్మించే పద్ధతులను ఆయన అందులో చూపించాడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1949 నాటి చిన్న వ్యాసం. ముక్కలో అన్ని రకాలూ పట్టనప్పుడు, సంతులిత అమరికలో ముక్కల సంఖ్య రకాల సంఖ్య కంటే తగ్గదని ఫిషర్ 1940లో నిరూపించాడు. బోస్ చేసిందల్లా రకాలను అడ్డువరుసలుగా, ముక్కలను నిలువువరుసలుగా రాసి, ఉన్నచోట 1, లేనిచోట 0 పెట్టి, ఆ మాత్రికను దాని ట్రాన్స్‌పోజ్‌తో గుణించడమే. వచ్చిన మాత్రికలో వికర్ణంపై అంతటా ఒకే సంఖ్య, మిగతా చోట్లన్నీ అంతకంటే చిన్నదైన మరొకే సంఖ్య ఉంటాయి కనుక దాని నిర్ధారకం సున్నా కాదు. కాబట్టి మొదటి మాత్రిక ర్యాంకు (ఒకదానిపై ఒకటి ఆధారపడని వరుసల సంఖ్య) రకాల సంఖ్యకు సమానం, ర్యాంకు ఎన్నడూ నిలువువరుసల సంఖ్యను మించదు. ఇంటర్మీడియట్ మాత్రికలు వచ్చినవారు అరగంటలో అనుసరించగల ఈ వాదన తరువాతి కాలంలో కాంబినేటరిక్స్‌లో ఎంతో విస్తరించిన రేఖీయ బీజగణిత పద్ధతికి తొలి నమూనాల్లో ఒకటి.

లోకానికి తెలిసినది మాత్రం 1959 నాటి సంచలనం. ప్రతి అడ్డువరుసలో, నిలువువరుసలో ప్రతి గుర్తూ ఒక్కసారే వచ్చే గడుల పట్టికే లాటిన్ చతురస్రం; రెండింటిని ఒకదానిపై ఒకటి పెట్టినప్పుడు ప్రతి గుర్తుల జతా ఒక్కసారే వస్తే అవి ఆర్థోగనల్ జంట. 10, 14, 18 వంటి పరిమాణాలకు ఆర్థోగనల్ లాటిన్ చతురస్రాల జంటలు ఉండవని 1782లో ఆయిలర్ ఊహించగా, అప్పటికి అమెరికాలోని చాపెల్ హిల్‌లో ఉన్న బోస్, ఆయన శిష్యుడు శ్రీఖండే 22కు జంటను నిర్మించారు, పార్కర్ 10కి నిర్మించాడు, ముగ్గురూ కలిసి 6 తరువాతి అలాంటి పరిమాణాలన్నిటికీ ఊహ తప్పని తేల్చారు. న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వార్త వచ్చింది. ఆ కీర్తి న్యాయమైనదే అయినా, ఒక ఊహ కూలడం కంటే దాన్ని కూల్చిన పనిముట్లే ఎక్కువకాలం నిలిచాయని నా అభిప్రాయం.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1941లో కలకత్తా చేరిన మన సి.ఆర్. రావు, బోస్ వద్ద చదువుకున్నవారే. 1947లో రావు ప్రచురించిన ఆర్థోగనల్ అర్రేలు (ఏ రెండు నిలువువరుసలు తీసుకున్నా ప్రతి విలువల జతా సమానసార్లు వచ్చే పట్టికలు) ఈ వాతావరణంలోనే పుట్టి తరువాత పరిశ్రమల నాణ్యతా ప్రయోగాలకు చేరాయి. బోస్, ఆయన విద్యార్థి రాయ్‌చౌధురి 1960లో ప్రచురించిన దోష సవరణ సంకేతాలను (సమాచారంలో దొర్లిన తప్పులను పట్టి సరిదిద్దే కోడ్‌లను) అంతకు ఏడాది ముందే హాకెంగెమ్ విడిగా కనుగొన్నందువల్ల ముగ్గురి పేర్లతో బీసీహెచ్ అంటున్నారు. భీమవరం కొట్టుల్లో మనం డబ్బు కట్టే క్యూఆర్ కోడ్‌లో, దాన్ని ఎలా చదవాలో ఫోనుకు చెప్పే 15 బిట్లను కాపాడేది ఈ సంకేతమే.

ప్రయోగ రచనల కోసం షిమమోటో, మెస్నర్‌లతో కలిసి బోస్ అభివృద్ధి చేసిన అసోసియేషన్ స్కీములు (రకాల జతలను వాటి మధ్య సంబంధాన్ని బట్టి తరగతులుగా విడదీసే ఏర్పాట్లు) చాలాకాలం గణాంకవేత్తల సొత్తుగానే ఉండిపోయాయి. 1973లో బెల్జియంకు చెందిన డెల్సార్ట్ సంకేతాల పరిమాణానికి హద్దులు కట్టడానికి వాటినే వాడడంతో, ప్రయోగ రచనలో, సంకేతాల్లో బోస్ విడివిడిగా చేసిన రెండు పనులూ ఒకే సిద్ధాంతంలో భాగమయ్యాయి.