అమ్మ పాటలన్నీ ఒక్క ఫైల్లోకి

ఆదివారం. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరకు అమ్మ పాడే పాటలు, పాటకొక ఫైలుగా టైపు చేసి పెట్టుకున్నవి, ఈ రోజు ఒకచోట చేర్చినాను. అక్క కూతురు పక్కనే కూర్చోనింది. "ఒక్కోటి తెరిచి కాపీ, పేస్ట్ కొడితే పోలా మామా?" అనింది. కొట్టొచ్చు. కానీ ఏ పాట దాటిపోయిందో, ఏది రెండుసార్లు పడిందో కనిపెట్టేదెవరు? కమాండ్లు టైపు చేసే కిటికీ, టెర్మినల్ తెరిచినాను.

సీపీ (cp) అనే కమాండ్ ఫైలుకు నకలు తీస్తుంది. క్యాట్ (cat) అనేది ఫైల్లో ఉన్నదాన్ని బయటికి పోస్తుంది. రెండూ 1971 నాటి యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తొలి మాన్యువల్లోనే ఉన్నాయి, ఇప్పటికీ అదే పని. క్యాట్ పోసేదాన్ని > గుర్తుతో కొత్త ఫైల్లోకి మళ్ళిస్తే సరి. పాపకు మరీ మరీ చెప్పింది ఈ గుర్తు గురించే. ఒక్క > పెడితే, క్యాట్ మొదలవకముందే షెల్ (మనం కొట్టే కమాండ్లను నడిపించేది) ఆ ఫైలును ఖాళీ చేసేస్తుంది. మిగతా పాటల్ని మొదటి పాట ఫైల్లోకే పోద్దామనుకుంటే ఆ మొదటి పాట చదవకముందే పోతుంది. >> పెడితే ఉన్నదాని జోలికి పోకుండా కింద చేరుస్తుంది.

ఫైళ్ళ పేర్లు 01, 02 అని పెట్టింది కూడా ఊరికే కాదు. ఉత్త 1, 2 అని పెడితే 1 తర్వాత 10 వచ్చి కూర్చుంటుంది.

"తెలుగు చెడిపోదా?" అనడిగింది పాప. మంచి ప్రశ్న. క్యాట్‌కు అక్షరాలతో పని లేదు, బైట్లను ఉన్నవున్నట్టు పోస్తుంది. ఎంటర్ కూడా కొట్టకుండా 'అమ్మ' అని మాత్రం ఒక ఫైల్లో రాయించి, సైజు చూపించినాను. 12 బైట్లు. అ, మ, పొల్లు, మ. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3. పాప తన పేరు రాసి అదీ లెక్కేసుకునింది.

సాయంత్రం అమ్మకు చదివి వినిపిస్తే ఏడో పాట దగ్గర ఆపింది. "ఆ చరణం ముందు, ఇది తర్వాత" అనింది. ఆ ఒక్క ఫైలు దిద్దినాను. పై బాణం నొక్కితే పొద్దున్నటి కమాండ్ మళ్ళీ వచ్చింది, ఎంటర్ కొట్టినాను. ఇక్కడ ఒక్క > ఉండడమే మేలు, పాతదంతా తుడిచి కొత్తగా నింపుతుంది. రేపు గాంధీ రోడ్డుకు పోయి పెద్దక్షరాల్లో ప్రింటు తీయించాలి.