బరంపురం యాత్రలో అమ్మమ్మ వారం

మా అమ్మాయి వాళ్ల అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడటం మానేసి దాదాపు ఏడాదయింది. మధ్యలో పోట్లాట ఏమీ జరగలేదు. ఫోను మోగగానే నా చేతికిచ్చి పక్క గదిలోకి వెళ్లిపోయేది. గట్టిగా పిలిస్తే వచ్చి, "బావున్నా అమ్మమ్మా, అన్నం తిన్నా అమ్మమ్మా" అని రెండు ముక్కలు అప్పజెప్పి పోయేది. ఆ రెండు ముక్కల్లో తప్పు దొర్లదని దానికి తెలుసు.

ఇందుకు కారణం నేనే. మేము కాకినాడ నుంచి బరంపురం వచ్చి తొమ్మిదేళ్లయింది. మా ఆయనది బ్యాంకు ఉద్యోగం. వచ్చేటప్పటికి పెద్దదానికి రెండేళ్లు, ఇప్పుడు పదకొండు. చిన్నాడు ఇక్కడే పుట్టాడు, వాడికి ఆరు. బడిలో ఇంగ్లీషు, ఒడియా, హిందీ. వీధిలో ఒడియా. ఇక తెలుగంటే ఇంట్లో మేమిద్దరమే. ఊళ్లో తెలుగు లేదని అనలేను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. రాష్ట్రపతి వి.వి. గిరి పుట్టిన ఊరు ఇది. పాతిక కిలోమీటర్లు పోతే ఇచ్ఛాపురం, అక్కడ ఆంధ్ర మొదలు. బజారులో చాలా కొట్లలో తెలుగులోనే బేరమాడుకోవచ్చు. కాకపోతే ఆ తెలుగంతా పెద్దవాళ్ల నోట్లోనే ఉంది. పిల్లలు నలుగురు చేరితే ఒడియాయే.

మా పెద్దది "టికే ఆగమ్మా" అంటే "టికే ఏంటి, కొంచెం అను" అనేదాన్ని. "సరే" అనాల్సిన ప్రతిచోటా "హఉ" అంటుంది. ఒడియాలో నిన్నకీ రేపటికీ ఒకటే మాట, "కాలి". మా అమ్మాయి "కాలి వెళ్దామమ్మా" అంటే ముందు వ్యాకరణం, ఆ తర్వాతే జవాబు. ఒకరోజు బడిలో ఏదో జరిగి ఏడుస్తూ వచ్చి చెబుతుంటే కూడా మధ్యలో ఆపి మాట దిద్దాను. ఆ రోజు అది మిగతా సంగతి చెప్పలేదు. ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఏటా ఆగస్టు 29న మా కాలనీ తెలుగువాళ్లం చేరి గిడుగు రామమూర్తి గారి బొమ్మకి దండ వేస్తాం. ప్రసంగం నాది. ఆయన బతుకులో పెద్ద భాగం గడిపింది ఈ సరిహద్దులోనే, పర్లాకిమిడిలో. అక్కడి రాజావారి బడిలో పాఠాలు చెప్పారు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల మాట వాళ్ల దగ్గరే నేర్చుకుని, తెలుగు లిపిలో వాళ్లకి పుస్తకాలు రాశారు. జనం నోట్లో ఉన్న తెలుగే రాయాలని జీవితమంతా వాదించారు. పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన ఏడాది ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఇదంతా మైకులో చెప్పి, ఇంటికొచ్చి, పిల్ల నోట్లో ఉన్న తెలుగుని ముక్కముక్కా ఏరిపారేసేదాన్ని.

ఈసారి ఏప్రిల్లో మా అమ్మ సామర్లకోటలో రైలెక్కి ఒక్కతే వచ్చింది, వారం ఉండటానికి. ఠాకురాణీ యాత్ర జరుగుతున్న నెల అది.

యాత్ర రెండేళ్లకోసారి, చైత్రంలో. ఇంచుమించు నెలరోజులు ఊరు రాత్రిళ్లు నిద్రపోదు. బూఢీ ఠాకురాణీ బరంపురం గ్రామదేవత. యాత్రకి ఆవిడ గుడి వదిలి దేశీబెహెరా వీధికి వస్తుంది. అది ఆవిడ పుట్టిల్లు. దేశీబెహెరా అంటే ఇక్కడి నేతవాళ్ల కులపెద్ద. ఒడియావాళ్లు డేరా అని పిలిచే ఈ నేతవాళ్లు దేవాంగులు, ఎప్పుడో తెలుగుదేశం నుంచి మగ్గాలతో వచ్చి స్థిరపడ్డవాళ్లు. కుంభం అంచు బరంపురం పట్టుచీర వాళ్ల చేతిదే. ఊరంతటికీ తల్లి అయిన దేవత వాళ్లింటికి మాత్రం ఆడపడుచు. ఈ సంగతి చెప్పగానే మా అమ్మ సంచిలోంచి కొత్త రవికెల గుడ్డ తీసి పక్కన పెట్టుకుంది. "పుట్టింటికొచ్చిన పిల్లని ఉత్తచేతుల్తో చూస్తామా?" అంది.

సాయంత్రమయ్యేసరికి ఘటాలు బయల్దేరతాయి. పూలతో కట్టిన కుండలు ఆడవాళ్ల నెత్తిన, ముందు వాద్యాలు. మా పక్కింటి పిన్నిగారిది నేతవాళ్ల కుటుంబమే. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. ఘటం వస్తుందంటే వాకిట్లో పసుపునీళ్ల బిందెతో నిలబడి "ఒలే, బేగి రండే" అని మమ్మల్ని కేకేస్తారు. మా అమ్మ రెండోరోజుకే ఆవిడ జట్టయిపోయింది.

మంగళవారం ఆ పిన్నిగారి మనవడికి పుట్టువెంట్రుకలు తీయించడానికి తారాతారిణి కొండకి వెళ్లాం. రుషికుల్యా ఒడ్డున ఉంటుంది, 999 మెట్లు. చైత్ర మంగళవారాలు కావడంతో కాలు పెట్టే సందు లేదు. మా అమ్మ రోప్‌వేలో ఎక్కింది. ఎండకి నాకు తలనొప్పి వచ్చి చాలావరకు నీడపట్టునే కూర్చున్నాను కాబట్టి ఇంతకుమించి చెప్పలేను.

గురువారం మా చిన్నాడి పులివేషం.

క్రితం ఏడాది వాడికి డెంగ్యూ వచ్చి అయిదు రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. ప్లేట్‌లెట్లు పడిపోతున్న రోజుల్లో పిన్నిగారు మాతో చెప్పకుండా ఠాకురాణీకి మొక్కుకున్నారట, పిల్లాడు గట్టెక్కితే యాత్రలో బాఘ వేషం వేయిస్తానని. ఇక్కడ మొక్కులు అలాగే తీరుస్తారు, పెద్దా చిన్నా రకరకాల వేషాలు కట్టి అమ్మవారి ముందుకి వెళ్తారు. నాకు ముందు మనసొప్పలేదు. ఒంటినిండా రంగు, చర్మానికేమవుతుందోనని భయం. మన ఇలవేల్పు కాదు కదా అన్న మాట కూడా నోటిదాకా వచ్చింది. అమ్మ నా మొహం చూసి, "నీ బిడ్డ కోసం పరాయి మనిషి మొక్కుకుంది. ఇంక ఆ దేవత నీకు పరాయిదెలా అవుతుందే?" అంది.

పిన్నిగారింటి వసారాలో వాణ్ణి బల్లమీద నిలబెట్టారు. ముందు ఒళ్లంతా కొబ్బరినూనె. ఆ పైన పసుపురంగు, రెండు పూతలు, మొదటిది ఆరాకే రెండోది. పొట్టమీద తెలుపు. రంగులేసే తాత నల్లరంగు గిన్నె ఎడమచేత్తో పట్టుకుని, వెన్నెముక దగ్గర కుంచె ఆనించి పక్కలకి లాగుతున్నాడు. చార మొదట లావుగా ఉండి, డొక్కల దగ్గరికొచ్చేసరికి సన్నబడి, ఎలక తోకలా తేలిపోతుంది. డొక్కలో కుంచె తగిలినప్పుడల్లా వీడు గిలిగింతలకి మెలికలు తిరుగుతున్నాడు, చార వంకరపోతోంది. తాత విసుక్కోలేదు. వంకరపోయినచోట ఇంకో చీలిక గీసి దాన్నే పులిచారగా మార్చేస్తున్నాడు. మూడుగంటలు పట్టింది. చివర్లో తీగకి గుడ్డచుట్టిన తోక నడుముకి కట్టి, వీపుమీద చరిచి దింపాడు.

దిగాక వాడికి ఏం చేయాలో తోచలేదు. డోలు మోగుతోంది, వీడు కొయ్యలా నిలబడ్డాడు. అప్పుడు మా అమ్మ చెంగు దోపి వసారాలో వంగింది. కాకినాడలో ఆవిడ చిన్నప్పుడు దసరాకి పులివేషాలు ఇంటింటికీ వచ్చేవట. "ముందు పులి నడవాలిరా, తర్వాతే గెంతడం. భుజం ముందుకి, తల కిందికి. చూపు మాత్రం ఎత్తు" అని నడిచి చూపించింది. నేలమీద నిమ్మకాయ పెట్టి చేతులు తగలకుండా నోటితో అందుకోమంది. డోలు వాయించేవాడికి ఆ ఆట నచ్చి దెబ్బ మార్చాడు. అరవై ఎనిమిదేళ్ల కాకినాడ పులి, ఆరేళ్ల బరంపురం పులి ఎదురెదురుగా అడుగులేస్తుంటే నేను ఫోను తీయడం కూడా మర్చిపోయాను.

మా అమ్మాయి మాత్రం అప్పటికీ అమ్మమ్మతో ముక్తసరిగానే ఉంది. శనివారం రాత్రి మారింది ఆ సంగతి.

ఊరి బయట ఒక పల్లెలో ప్రహ్లాద నాటకం పెట్టారు. గంజాం జిల్లా సొత్తు ఇది. 19వ శతాబ్దంలో జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరుమీద మొదలైందని చెబుతారు. ఆ జలంతరకోట ఇప్పుడు మన శ్రీకాకుళం జిల్లాలో ఉంది. పుట్టిన కోట ఆంధ్రకి, ఆట ఒడిశాకి పోయాయన్నమాట. వేదిక మెట్లమెట్లుగా ఉంటుంది, పై మెట్టుమీద హిరణ్యకశిపుడి సింహాసనం. రాజు కోపమొస్తే ఆ మెట్లన్నీ దిగి జనం మధ్యకి వస్తాడు, మళ్లీ ఎక్కుతాడు. కింద పక్కన గాహకుడు కథ నడిపిస్తూ పాడతాడు. రాగాలు మనకి తెలిసిన వాసనే వేస్తాయి. నరసింహుడి ముఖోటా, అంటే మొహానికి కట్టుకునే మాస్కు, మాత్రం ముందు కనిపించదు, దానికి విడిగా పూజ జరుగుతుంది.

చాపమీద అమ్మ, అమ్మాయి పక్కపక్కన కూర్చున్నారు. నేను వెనక, ఒళ్లో చిన్నాడు. అమ్మకి కథ కంఠతా, భాష ఒక్క ముక్క తెలియదు. పిల్లకి భాష వచ్చు, కథ సరిగా తెలియదు. పావుగంట ఇద్దరూ మాట్లాడుకోలేదు. రాజు కిరీటం ఊగిపోయేలా అరుస్తూ మెట్లు దిగాడు. అమ్మ ఉండబట్టలేక "ఏమంటున్నాడే?" అంది.

"రాజు భారీ రాగిపోయాడు అమ్మమ్మా."

ఒడియాలో రాగ అంటే కోపం. దాన్నిలా తెలుగులోకి లాక్కొచ్చింది. "కోపం వచ్చింది అనాలి" అని నా నోరు తెరుచుకుంది. ఈలోపే మా అమ్మ అడిగేసింది:

"ఎందుకు రాగాడు?"

పిల్ల వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసింది. నేను చిన్నాడి తల సర్దుతున్నట్టు కిందికి చూశాను. అంతే, ఆ తర్వాత దాన్ని ఆపలేకపోయాం. "గురువుగారు పాఠం చెప్తే వీడు వినడంలేదంట, హరి హరి అంటన్నాడంట, అందుకు." "ఇప్పుడు రాణి బతిమాలుతోంది అమ్మమ్మా, పిల్లాణ్ణి ఏం చెయ్యొద్దంటోంది." అమ్మ తన వంతుగా, "ఇక చూడు, ఏనుగుల్తో తొక్కించమంటాడు. పాముల్ని వదలమంటాడు" అని ముందే చెప్పేస్తుంటే, అది నిజంగా జరిగినప్పుడల్లా పిల్ల ఆశ్చర్యంగా "నీకెలా తెలుసు?" అంటోంది. ఏడాదిపాటు ఫోన్లో దొరకని మాటలన్నీ ఆ చాపమీద చేరాయి. అందులో ఎన్ని తెలుగువో, ఎన్ని ఒడియావో నేను లెక్కపెట్టలేదు.

రెండు దాటేసరికి చిన్నాడికి నిద్రలో చలేసి వణుకు మొదలైంది. డెంగ్యూ తర్వాత వాడి విషయంలో నాకు భయమెక్కువ. నరసింహుడు రాకుండానే లేచి వచ్చేశాం. దారంతా అమ్మాయి అలిగి కూర్చుంది. "ఒడియా నరసింహుడు ఎలా వస్తాడో కనుక్కుని నాకు ఫోన్ చేసి చెప్పు, నేను చూడకుండానే వెళ్లిపోతున్నాను కదా" అని అమ్మ దానికి పని అప్పజెప్పింది.

సోమవారం ఏప్రిల్ 14, పణా సంక్రాంతి. ఒడియావాళ్లకి కొత్త సంవత్సరం. మారేడుపండు గుజ్జు, బెల్లం, అరటిపండు కలిపిన పణా పిన్నిగారింటి నుంచి చెంబుతో వచ్చింది. ఆ రోజు తులసికోట మీద చిల్లుకుండ కడతారు. కుండ అడుగున సన్నని బెజ్జం, అందులో దర్భపోచ. నీళ్లు పోస్తే నెలపొడవునా చుక్కచుక్కగా తులసిమీద పడుతుంది. అమ్మ కుండ పట్టుకుంటే అమ్మాయి తాడు ముడివేసింది. పోచ లావై మొదట చుక్క పడలేదు. ఇద్దరూ కోట పక్కన గొంతుక్కూర్చుని, పోచలో సగం చీల్చి తీసేసి, మళ్లీ దోపి, కుండ అడుగుకేసి చూస్తూ ఉండిపోయారు. మొదటి చుక్క రాలడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు అమ్మని రైలెక్కించాం.

నాలుగురోజుల తర్వాత సాయంత్రం నేను వంటింట్లో ఉండగా హాల్లో మాటలు వినపడ్డాయి. అమ్మాయే ఫోన్ చేసింది, నన్ను పిలవకుండా. బడిలో దాని స్నేహితురాలి తాతగారు ఆ నాటకాల్లో పాడతారట, అన్నీ అడిగి తెలుసుకుందట. ముఖోటా కట్టుకున్నాయనకి పూనకమొస్తుందనీ, ఇద్దరు ముగ్గురు గట్టిగా పట్టుకోవాలనీ, జనమంతా లేచి నిలబడతారనీ చెబుతోంది. స్పీకరు పెట్టి ఉండటంతో అమ్మ మాటా వినిపిస్తోంది.

"మరి ప్రహ్లాదుడో?"

"వాడు డరలేదు అమ్మమ్మా. అందరూ డరారు, వాడొక్కడే దగ్గరికెళ్లాడు."

"ఆగాగు, పెన్ను తెచ్చుకోనీ... ఆ, చెప్పు. డరలేదు. డమరుకంలో డ యేనా, దండలో ద యా? సరిగ్గా చెప్పవే, రాసుకుంటున్నాను."